పెన్న ఒడ్డున మాట నేర్చిన పాత్రలు

సంగం దగ్గర పెన్న మీద కట్టిన కొత్త బ్యారేజి 2022 సెప్టెంబరు 6న మొదలైంది. పాత ఆనకట్ట రోజుల నుంచీ ఇక్కడి నీళ్ళే కాలువలెక్కి ఒకపక్క కావలి వైపు, ఇంకోపక్క కనిగిరి రిజర్వాయరు వైపు పోయి వరిచేలు తడుపుతున్నాయి. సంగమేశ్వరుడి గుడి దాటి నెల్లూరు దారి పడితే బుచ్చిరెడ్డిపాళెం, రేబాల, కాస్త లోపలికి జొన్నవాడ కామాక్షమ్మ. ఉత్తరానికి తిరిగితే కలిగిరి, ఉదయగిరి, కావలి. ఈ చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు చెప్పగానే అందరికీ బియ్యం, చేపల పులుసు గుర్తొస్తాయి. సాహిత్యం చదివేవాళ్ళకి గుర్తు రావలసింది ఇంకొకటి ఉంది. తెలుగు కావ్యంలో పాత్ర కవి చాటు నుంచి ఇవతలికొచ్చి తన నోటితో తాను మాట్లాడటం బాగా నేర్చుకున్నది ఈ పెన్న ఒడ్డునే. ఆ నేర్పు కావ్యం దాటి నాటకంలోకి, కథలోకి, చివరికి వయోజన విద్య వాచకంలోకి కూడా ఎలా పాకిందో చెప్పే విశేషాలు ఇవి.

వంటవాడికి కట్టెలు కావాలా?

తిక్కన సోమయాజి 13వ శతాబ్దంలో నెల్లూరు ఏలిన మనుమసిద్ధికి మంత్రి, ఆస్థాన కవి. భారతంలో విరాటపర్వం మొదలు స్వర్గారోహణ పర్వం దాకా 15 పర్వాలు ఆయన ఒక్క చేతి మీదే తెలుగయ్యాయి. ఆయన పద్యాల్లో నాటకం కనిపిస్తుందని విమర్శకులందరూ అంటారు. అది ఎక్కడ కనిపిస్తుందో చూడాలంటే విరటుడి కొలువుకి వెళ్ళాలి.

కీచకుడు నిండు సభలో ద్రౌపదిని తన్నాడు. వంటవాడు వలలుడి వేషంలో ఉన్న భీముడు ఆ పక్కన ఉన్న పెద్ద చెట్టు వైపు చూశాడు. దాన్ని పెకలించి కీచకుడి మీదికి దూకుతాడేమోనని, కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజుకి భయం. అజ్ఞాతవాసం బయటపడితే మళ్ళీ పన్నెండేళ్ళు అడవి. అందుకని ఆయన వంటచెరకు సంగతి ఎత్తాడు. పొయ్యిలోకి కట్టెలు కావాలంటే బయట బోలెడు చెట్లున్నాయి, నీడనిచ్చే ఈ చెట్టు జోలికెందుకు అన్నట్టు మాట్లాడాడు. సభ విన్నది ఒకటి, భీముడు విన్నది ఒకటి, ద్రౌపది విన్నది మరొకటి. ఒకే మాట మూడు చెవుల్లో మూడు రకాలుగా పడుతుంది. మూడూ పాఠకుడికి వినిపిస్తాయి.

ఆ వెంటనే కంకుభట్టు ద్రౌపదిని కూడా మందలిస్తాడు, నాట్యగత్తెలాగా సభలో నిలబడి ఈ ఏడుపేమిటని. ఆమె ఊరుకోదు. నా భర్తే నటుడు, పైగా జూదరి, ఇక నాకు మర్యాద ఎక్కణ్ణించి వస్తుందని ఎత్తిపొడుస్తుంది. నిజం చెప్పకూడని చోట నిజం తప్ప ఇంకేమీ చెప్పకుండా మాట్లాడటం అంటే ఇదీ. ద్రౌపది ఎలాంటిదో కవి పది పద్యాల్లో వర్ణించి ఉంటే ఇంత తెలిసేది కాదు. నా లెక్కలో తెలుగు సంభాషణకి ఇంతకు మించిన పాఠం లేదు. కథలు రాయాలనుకునే పిల్లలకి మొదట ఈ ఘట్టమే చదివి వినిపించాలి.

వానలు మొహం చాటేసిన ఏడు తెలుగు పల్లెల్లో విరాటపర్వం చదివించడం పాత ఆచారం. మెట్ట మండలాల్లో కరువు ఎంత ఎక్కువైతే ఆ పర్వానికి శ్రోతలూ అంత ఎక్కువ.

పారిపోయిన ఉత్తరుడు, తిరిగొచ్చిన ఖడ్గతిక్కన

అదే విరాటపర్వంలో ఉత్తరకుమారుడు అంతఃపురం ఆడవాళ్ళ ముందు గొప్పలు చెప్పి రథమెక్కి, కౌరవ సైన్యం కనపడగానే రథం దూకి పరుగెత్తుతాడు. తిక్కన ఆ పిరికితనాన్ని నవ్వుతూనే రాశాడు గాని, ఆ కుర్రవాణ్ణి నీచుణ్ణి చెయ్యలేదు. అర్జునుడు వెంటపడి పట్టుకుని ధైర్యం చెప్పి, సారథిగా కూర్చోబెట్టుకుంటాడు. పారిపోయినవాడు అదే రోజు అదే యుద్ధభూమిలో పగ్గాలు పట్టుకుని నిలబడతాడు.

ఇప్పుడు కవి ఇంట్లో జరిగిందని చెప్పుకునే కథ చూడండి. తిక్కనకి పెదనాన్న సిద్ధన కొడుకు ఇంకో తిక్కన ఉన్నాడు. కత్తి పట్టిన వాడు కాబట్టి ఖడ్గతిక్కన. కాటమరాజుతో పాలేటి ఒడ్డున జరిగిన యుద్ధంలో సైన్యం చెదిరిపోయి ఇంటికి తిరిగొచ్చాడు. స్నానానికి పోతే భార్య చానమ్మ మంచం అడ్డుపెట్టి, నీళ్ళ పక్కన పసుపు ముద్ద ఉంచింది. అన్నానికి కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. నువ్వు విరిగొచ్చావు, పాలూ విరిగాయి అంది. ఆ మాటకి లేచి మళ్ళీ యుద్ధానికి పోయి చచ్చిపోయాడు. చాటుపద్యాల్లో ఈ కథ బతికింది.

ఒకే ఇంటి చుట్టూ తిరిగే ఈ రెండు కథల్లో వెనుదిరిగినవాడికి రెండు దారులు దొరికాయి. ఉత్తరుడికి చెయ్యిచ్చి లేపిన మనిషి దొరికాడు. ఖడ్గతిక్కనకి పసుపు ముద్ద దొరికింది. పసుపు ముద్ద కథని వీరత్వానికి ఉదాహరణగా బళ్ళో చెబుతారు. నాకు మాత్రం కవి తిక్కన ఉత్తరుడి మీద చూపించిన దయే గొప్పగా తోస్తుంది.

అదే యుద్ధం, అవతలి ఒడ్డు నుంచి

ఆ యుద్ధం ఎందుకొచ్చింది? పుల్లరి. కరువుకి తట్టుకోలేక కాటమరాజు తన గొల్లల మందలతో దక్షిణానికి దిగి నెల్లూరి రాజు బీళ్ళలో ఆలమందల్ని మేపుకున్నాడు. మేతకి బదులుగా పుల్లరి కట్టే ఒడంబడిక. తర్వాత రాజు వైపు వాళ్ళతో తగాదా వచ్చింది. ఒక చిలక చావు, కొన్ని ఆవుల చావు కలిసి అది పెద్దదయింది. పుల్లరి ఇవ్వనన్నాడు కాటమరాజు. యుద్ధం.

చాటుపద్యాలు ఈ కథని నెల్లూరి మంత్రుల ఇంటి వైపు నుంచి చెబుతాయి. కాటమరాజు కథలు గొల్లల వైపు నుంచి చెబుతాయి. వాటిలో కాటమరాజే నాయకుడు, గంగమ్మ ఆయన వెంట నడిచే దేవత. కొమ్ములవాళ్ళు వీరణం వాయిస్తూ రాత్రుళ్ళ తరబడి పాడే ఈ కథల్ని తంగిరాల వెంకటసుబ్బారావు సేకరించి పరిష్కరించారు. 1970ల్లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ సంపుటాలుగా అచ్చువేసింది. ఒక్క యుద్ధానికి రెండు సాహిత్యాలు. ఒకవైపు కావ్యం తెలిసిన మంత్రుల వంశం, రెండోవైపు పశువుల వెంట నడిచిన జనం. ఎవరు విలన్ అనేది ఎవరి పందిట్లో కూర్చుని వింటున్నామన్న దాన్ని బట్టి మారిపోతుంది. ఆధునిక విమర్శకులు పేజీలకు పేజీలు రాసే ఈ సంగతిని పల్లెటూరి శ్రోత ఎన్నడో ఎరుగును, ఎందుకంటే రెండు పందిళ్ళూ ఆ మనిషికి దగ్గరే.

రాముడి చావు రాయని కవి

తిక్కన భారతానికంటే ముందు నిర్వచనోత్తర రామాయణం రాసి మనుమసిద్ధికి అంకితమిచ్చాడు. నిర్వచనం అంటే మధ్యలో వచనం ఒక్క ముక్క కూడా లేకుండా పద్యాల్లోనే నడిపించడం. సీతని అడవికి పంపడం దాకా, ఆ పైన కూడా రాసినవాడు రామనిర్యాణం దగ్గర మాత్రం ఆగిపోయాడు. తరువాతి కాలంలో జయంతి రామభట్టు ఆ భాగం రాసి కథ పూర్తి చేశాడు. భారతంలో యుద్ధ పర్వాల చావులన్నీ, చివరికి పాండవుల మహాప్రస్థానం కూడా కలం వణక్కుండా రాసినవాడు ఇదే కవి.

ఇలాంటిదే మరో సంగతి. నన్నయ అరణ్యపర్వం సగంలో వదిలేస్తే తిక్కన దాని జోలికి పోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టాడు. మిగిలిపోయిన ఆ ముక్కని కందుకూరు దగ్గర గుడ్లూరు వాడని చెప్పే ఎర్రన 14వ శతాబ్దంలో పూర్తి చేశాడు. తన పేరు పెట్టుకోలేదు. నన్నయ రాసినట్టుగానే, రాజరాజనరేంద్రుడికే అంకితంగా రాశాడు. పాత్ర గొంతు పట్టుకోవడం కవులందరూ చేసే పని. ఎర్రన మాత్రం మరో కవి గొంతు పట్టుకుని, కాలంలో వెనక్కి వెళ్ళి, నన్నయ శైలిలో మొదలుపెట్టి మెల్లగా తిక్కన శైలి వైపు నడిచాడని పెద్దలు చెబుతారు.

గోమిని వంట

నెల్లూరు బియ్యం గురించి ఏదైనా చెప్పమంటే నేను ముందు గోమిని పేరు చెబుతాను. మూలఘటిక కేతన దండి రాసిన దశకుమారచరితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి తిక్కనకి అంకితమిచ్చాడు. ఒక కవి ఇంకో కవికి కావ్యం అంకితమివ్వడం తెలుగులో ఇదే మొదలు. కేతనకి అభినవదండి అనే పేరొచ్చింది. దొంగలు, జూదగాళ్ళు, వేశ్యలు, వర్తకులు, వేషాలు మార్చే రాజకుమారులు ఉన్న ఈ పుస్తకంలో పురాణ పురుషులు ఎవరూ లేరు. పుణ్యం కోసం కాక ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న ఆత్రంతో చదివే తెలుగు కావ్యం ఇక్కడ మొదలైంది.

అందులో గోమిని కథ. శక్తికుమారుడు అనే ధనవంతుల బిడ్డ పెళ్ళికూతుర్ని వెతుక్కుంటూ ఉత్తరీయం కొంగులో కొద్దిపాటి వడ్లు మూటకట్టుకుని ఊళ్ళు తిరుగుతాడు. కనపడిన ప్రతి పిల్లనీ అడుగుతాడు, ఈ వడ్లతో నాకు కడుపునిండా భోజనం పెట్టగలవా అని. అందరూ నవ్వి పంపేస్తారు. కావేరి ఒడ్డు ఊళ్ళో గోమిని ఒక్కతే ఒప్పుకుంటుంది. వడ్లని ఎండబెట్టి, బియ్యం విరక్కుండా దంచి, పొట్టుని వేరుచేసి దాదికి ఇచ్చి పంపుతుంది. నగలు మెరుగు పెట్టడానికి కంసాలులకి అది పనికొస్తుంది. ఆ డబ్బుతో కట్టెలు, కుండ. అన్నం ఉడికాక కట్టెల్ని ఆర్పి బొగ్గులు అమ్మిస్తుంది. ఆ డబ్బుతో కూర, నెయ్యి, పెరుగు, నూనె, ఉసిరిక, చింతపండు. అతనికి తలంటు స్నానం, విస్తరి, గంజి దగ్గర్నించి చల్లటి నీళ్ళ దాకా అన్నీ అమర్చుతుంది.

ఇందులో గోమిని అందం సంగతి కన్నా చేతుల సంగతే ముఖ్యం. ఆ పిల్ల తెలివి ఎంతటిదో, ఓపిక ఎంతటిదో ఒక్కో పని చూపిస్తూ పోతుంది. కోత కోసి, నూర్చి, దంచి బతికే నేల మీద కూర్చుని కేతన ఈ ఘట్టం తెనిగించాడంటే, వినేవాళ్ళకి పొట్టు విలువ విడమర్చి చెప్పనక్కర్లేదు. పిల్లని పరీక్ష చేసే ఆ పెళ్ళికొడుకు పద్ధతి ఇవాళ మనకి నచ్చదు. నచ్చకపోవడమే మంచిది. గోమిని పని మాత్రం ఏ కాలంలో చదివినా ముచ్చటగానే ఉంటుంది.

ప్రవరుడి దారి, హరిశ్చంద్రుడి దారి

హిమాలయాలకి పోయి కాళ్ళకి పూసుకున్న పసరు కరిగి దారి తప్పిన ప్రవరుడు, అతన్ని వలచిన వరూధిని తెలియని తెలుగువాళ్ళు ఉండరు. పెద్దన మనుచరిత్ర అంటాం. పెద్దన కంటే సుమారు రెండు వందల ఏళ్ళ ముందే ఆ ఇద్దరినీ తెలుగులో మాట్లాడించినవాడు మారన, తిక్కన శిష్యుడు. ఆయన మార్కండేయ పురాణంలో ఉన్న చిన్న కథే పెద్దన చేతిలో ప్రబంధం అయింది.

హరిశ్చంద్రుడి కథ కూడా ఆ మార్కండేయ పురాణంలోనిదే. గౌరన దాన్ని ద్విపదలో చెప్పాడు. 20వ శతాబ్దంలో బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం చేశారు. కాటి సీనులో నటులు గుర్రం జాషువ శ్మశాన పద్యాలు కలిపి పాడటం మొదలుపెట్టారు. పురాణ రాజు, కాటికాపరి వేషం, జాషువ పద్యం. అంటరానివాడన్న మాట భరించిన కవి రాసిన పద్యాలు, కాటికాపరిగా మారిన రాజు నోట పలికినప్పుడు, ఆ పాత్రకి మూలంలో లేని బరువు వచ్చింది. రాత్రంతా మేలుకుని ఆ ఒక్క సీను కోసమే కూర్చునే జనం దాన్ని ఎరిగినవాళ్ళే.

గుణాలే పాత్రలైతే

ఉదయగిరి కొండకోట కింద 15వ శతాబ్దంలో రెండు కావ్యాలు పుట్టాయి. రెండూ అక్కడి బసవరాజు కొలువుకి సంబంధించినవే. దూబగుంట నారాయణకవి పంచతంత్రం తెనిగించి ఆ రాజుకే అంకితమిచ్చాడు. అందులో కరటక దమనకులనే నక్కలు మంత్రుల కన్నా బాగా రాజకీయం మాట్లాడతాయి. నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు ప్రబోధచంద్రోదయం రాసి ఆయన మంత్రి గంగయకి అంకితమిచ్చారు.

ఈ రెండోదాని తీరు వేరు. కృష్ణమిశ్రుడి సంస్కృత నాటకం దానికి మూలం. అందులో మనుషుల పేర్లతో పాత్రలు ఉండవు. వివేకుడు ఒక రాజు, మహామోహుడు అతని శత్రువు. శాంతి, కరుణ, శ్రద్ధ ఆడ పాత్రలు. దంభుడు, అహంకారుడు మోహుడి పక్షం. ఇంగ్లండులో మృత్యువు, సత్కర్మ, బలం వంటివి పాత్రలుగా నడిచే ఎవ్రీమాన్ నాటకం వచ్చింది కూడా ఆ శతాబ్దం చివర్లోనే. ఒకరి సంగతి ఒకరికి తెలియని రెండు చోట్ల, ఒకే కాలంలో, గుణాలే వేషం కట్టి కథలోకి వచ్చాయి. ఇలాంటి రచనలో పాత్ర మారడానికి చోటుండదు. మోహుడు చివరిదాకా మోహుడే. అందుకే పండితులు మెచ్చినంతగా జనం ఈ కావ్యాన్ని మనసులో పెట్టుకోలేదు. పక్కన పంచతంత్రం నక్కలు మాత్రం ప్రతి ఇంటి పిల్లవాడికీ తెలుసు.

చాకలి పేరిగాడి భాష

వేదం వేంకటరాయశాస్త్రి (1853–1929) నెల్లూరులో 1899లో ఆంధ్రభాషాభిమాని సమాజం పెట్టి తన నాటకాలు ఆడించారు. వాటిల్లో ప్రతాపరుద్రీయం 1897 నాటిది. ఓరుగల్లు రాజు ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీవాళ్ళు పట్టుకుపోతే మంత్రి యుగంధరుడు పన్నాగం పన్ని విడిపించుకు రావడం కథ. అందులో పేరిగాడు అనే చాకలి ఉన్నాడు. వాడు చాకలి ఎలా మాట్లాడతాడో అలాగే మాట్లాడతాడు. రాజు, మంత్రి గ్రాంథికం మాట్లాడతారు. ఎవరి స్థితికి తగ్గ మాట వాళ్ళ నోట పెట్టడాన్ని శాస్త్రిగారు పాత్రోచిత భాష అన్నారు. సంస్కృత నాటకాల్లో సేవకులకీ స్త్రీలకీ ప్రాకృతం ఉన్నట్టే తెలుగులో వాడుక మాట ఉండాలని వాదిస్తూ వ్యాసమే రాశారు.

నెల్లూరు జనానికి పేరిగాడు బాగా నచ్చాడు. పండితులకి నచ్చలేదు. 13 ఏళ్ళ ముందు, 1884లో, అమెరికా రచయిత మార్క్ ట్వెయిన్ హకిల్‌బెరీ ఫిన్ నవల మొదట్లో ఇందులో ఫలానా ఫలానా యాసలు వాడానని చిన్న వివరణ రాసుకోవలసి వచ్చింది. ఈ గొడవ ఎక్కడైనా ఒకటేనన్న మాట.

అదే 1897లో గురజాడ కన్యాశుల్కం అచ్చయింది. అందులో పెద్ద కులం వాళ్ళు, చిన్న కులం వాళ్ళు, లుబ్ధావధాన్లు, మధురవాణి అందరిదీ నోటి మాటే. శాస్త్రిగారు అంతదూరం రాలేదు. వేదిక మీద పేరిగాడికి వాడుక భాష ఇచ్చినవారే బడి పుస్తకాల్లో వాడుక భాష వద్దన్న పక్షాన నిలిచారు. పేరిగాడికి నాటకంలో గొంతు దొరికింది, బడిలో దొరకలేదు. ఇది తలచుకుంటే నాకు బాధగానే ఉంటుంది. అంత చక్కగా చెవి పెట్టి విన్న మనిషి ఇంకొక్క అడుగు వేసి ఉంటే ఎంత బాగుండేదో. గురజాడ మీద మహోదయం అనే పెద్ద పుస్తకం రాసి ఆ కాలాన్నీ ఆ మనుషుల్నీ విడమర్చి చూపిన కె.వి. రమణారెడ్డి సంగం పొరుగునే ఉన్న రేబాలలో పుట్టారు. కావలిలో పిల్లలకి పాఠాలు చెప్పారు.

అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో 1921లో పుట్టిన ఆత్రేయకి సినిమా పాటలతో పెద్ద పేరొచ్చింది గాని, ఎన్.జి.వో., కప్పలు, భయం, విశ్వశాంతి లాంటి నాటకాలు చదివితే అసలు ఆత్రేయ దొరుకుతారు. చాలీచాలని జీతం గుమాస్తాని నాయకుణ్ణి చేసి, పద్యాలూ కిరీటాలూ లేకుండా నిలబెట్టారు.

శవం చుట్టూ నడిచిన సినిమా

నెల్లూరువాడైన తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి పఠాభి పేరుతో 1939లో ఫిడేలు రాగాల డజన్ అచ్చువేసి తెలుగు ఛందస్సుని ఎడాపెడా విరిచేశారు. ముప్పై ఏళ్ళ తర్వాత ఆయనే యు.ఆర్. అనంతమూర్తి కన్నడ నవల సంస్కారని సినిమా తీశారు. అగ్రహారంలో ఆచారాలన్నీ వదిలేసిన నారాయణప్ప చచ్చిపోతాడు. శవానికి దహనం ఎవరు చెయ్యాలి? శాస్త్రాలన్నీ చదివిన ప్రాణేశాచార్యులకి జవాబు దొరకదు. శవం కుళ్ళుతూ ఉంటుంది. చనిపోయినవాడు ఒక్క అడుగు వెయ్యకుండానే ఊరందరి నిజస్వరూపం బయటపెడతాడు. ప్రాణేశాచార్యులుగా గిరీశ్ కర్నాడ్, చంద్రిగా పట్టాభి భార్య స్నేహలతారెడ్డి నటించారు. సెన్సారు బోర్డు మొదట వద్దంది. తరువాత 1970 సంవత్సరానికి దేశంలో ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం వచ్చింది. స్నేహలత ఎమర్జెన్సీలో జైలుకి పోయి, ఆరోగ్యం చెడి, 1977 జనవరిలో కన్నుమూశారు. కన్నడ సినిమా చరిత్రలో కొత్త అధ్యాయం తెరిచిన ఈ మనిషి మన నెల్లూరువారని మనవాళ్ళకే ఎక్కువమందికి తెలియదు.

సీతమ్మ పుస్తకంలోంచి లేచి వచ్చింది

ఇన్ని విశేషాల్లోనూ నాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచేది ఇదే. రాసినవాళ్ళ పేరు కూడా జనానికి తెలియని కథ ఇది.

1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం అనే వయోజన విద్య కార్యక్రమం మొదలైంది. పొద్దంతా నాట్లు, కలుపులు, కూలి పనులు చేసిన ఆడవాళ్ళు రాత్రిపూట లాంతర్ల కింద పలకలు పట్టుకున్నారు. కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలు పాడాయి, చిన్న నాటకాలు ఆడాయి. చదువుకోవడానికి ఇచ్చిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. మొగుడి తాగుడుతో బతుకు చితికిపోయిన పల్లెటూరి ఆడమనిషి కథ. సారాయి సంచులు ఊరూరా అందుతున్న రోజులు. కూలి డబ్బులు ఇంటికి రాకుండానే ఆవిరైపోయే రోజులు. అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్న ఆడవాళ్ళకి సీతమ్మ కొత్త మనిషిగా కనపడలేదు. ఈ కథ మాదే కదా అన్నారు.

కలిగిరి మండలం దూబగుంటలో ఆ చదువు చర్చగా మారింది, చర్చ పనిగా మారింది. రోశమ్మ, ఆమెతోపాటు ఊరి ఆడవాళ్ళు కలిసి తమ ఊళ్ళోకి సారాయి రాకుండా అడ్డం నిలబడ్డారు. తర్వాత జరిగిందే అసలు విశేషం. దూబగుంట ఆడవాళ్ళు చేసిన ఆ పని, ఆడవాళ్ళు ఏకమైతే అనే పేరుతో తరువాతి వాచకంలో పాఠమైంది. నిన్న ఒక కథ చదివినవాళ్ళు ఇవాళ ఇంకో కథలో పాత్రలయ్యారు. ఆ పాఠం చదివిన పక్క ఊళ్ళ ఆడవాళ్ళు, దూబగుంటవాళ్ళు చేసింది మనమెందుకు చెయ్యలేమని లేచారు. 1992లో నెల్లూరులో సారాయి వేలంపాటలు సాగనివ్వకుండా వేలమంది వచ్చి కూర్చున్నారు. పాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాయి నిషేధం అమలైంది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. ఆ తరువాత అది సడలిపోవడం వేరే కథ.

విరాటపర్వంలో రాణి సుదేష్ణ ద్రౌపదిని కీచకుడి ఇంటికి పంపింది పాత్ర చేతికిచ్చి మద్యం తెమ్మనే వంకతోనే. కథలో కీడు ఆ పాత్రతోనే ఇల్లు దాటింది. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాత్రని ఊళ్ళోకే రానివ్వలేదు.

రచయితలందరూ పాఠకుడు మారాలని కోరుకుంటారు. అచ్చంగా జిల్లా మారిపోయిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే. ఆ సీతమ్మ కథ నాలుగు పేజీల వాచక పాఠమే కావచ్చు, తెలుగు కథల చరిత్ర రాసేవాళ్ళు దానికి చోటివ్వకపోవడం మాత్రం నాకు అన్యాయంగా కనపడుతుంది.

తన కథ తానే చెప్పిన మనిషి

పెన్న ఒడ్డున పల్లెపాడులో గాంధీజీ 1921 ఏప్రిల్ 7న పినాకినీ సత్యాగ్రహాశ్రమం ప్రారంభించారు. ఆ ఆశ్రమానికి అండగా నిలిచినవారిలో పొణకా కనకమ్మ ఒకరు. 1892లో పుట్టారు, చిన్నతనంలోనే పెళ్ళి, బడి చదువు లేదు. సొంతంగా చదువుకుని, పొట్లపూడిలో గ్రంథాలయం పెట్టి, 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవీ విద్యాలయం స్థాపించి, స్వాతంత్ర్యోద్యమంలో జైళ్ళకి పోయారు. తన జీవితం తానే రాసుకున్నారు. 1963లో ఆవిడ పోయారు. ఆ రాతప్రతి కనకపుష్యరాగం పేరుతో పుస్తకమైంది 2011లో. కవి ఊహించి మాట్లాడించిన ద్రౌపది గొంతు ఏడు వందల ఏళ్ళు అందరికీ వినపడుతూనే ఉంది. నిజంగా బతికిన మనిషి తన గొంతుతో చెప్పుకున్న మాట మాత్రం దాదాపు యాభై ఏళ్ళు పెట్టెలో ఉండిపోయింది.

దర్గా మిట్ట, పోలేరమ్మ బండ

మహమ్మద్ ఖదీర్‌బాబుది కావలి. ఆయన దర్గామిట్ట కథల్లో మాట్లాడేది ఒక పిల్లవాడు. ముస్లిం ఇల్లు, బీదరికం, అమ్మ కోపం, నాయన కష్టం, బడి, పండగలు, చుట్టుపక్కల జనం. అన్నీ నెల్లూరు మాటలోనే. తరువాతి పుస్తకం పేరు పోలేరమ్మబండ కథలు. ఒకే రచయిత రెండు పుస్తకాల పేర్లలో ఒకచోట దర్గా, ఇంకోచోట గ్రామదేవత ఉండటం ఈ జిల్లా ఊళ్ళు ఎరిగినవారికి వింతగా అనిపించదు. ఈ కథలు రాకముందు తెలుగు కథలో ముస్లిం పాత్ర చాలాసార్లు పక్కింటి సాయిబుగా వచ్చి, రెండు మాటలు వచ్చీరాని తెలుగులో మాట్లాడి పోయేది. ఈ పిల్లవాడు అలా వచ్చి పోయేవాడు కాడు. ఇల్లు వాడిది, వీధి వాడిది, యాస వాడిది. కళ్ళతో చదివితే సగమే అందుతుంది గనక, నెల్లూరు యాస వచ్చిన వాళ్ళెవరైనా దొరికితే పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివించుకోండి.